తెలుగు నేల దీవులు, లంకలు: అంతగా పేరుకెక్కని విహార స్థలాలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో సముద్రతీరం వెంబడి, నదుల నడుమ, ఉప్పునీటి కయ్యల్లో, చెరువుల్లో, జలాశయాల్లో నీరు చుట్టి ఉన్న భూభాగాలు అనేకం ఉన్నాయి. వీటిని స్థలాన్ని బట్టి దీవి, లంక, గడ్డ, దిబ్బ అనే పేర్లతో పిలుస్తారు. రెండు రాష్ట్రాలూ పూర్తిగా కర్కటరేఖకు దక్షిణాన ఉన్నందువల్ల ఇవన్నీ ఉష్ణమండల దీవుల కిందికే వస్తాయి. అండమాన్, లక్షదీవులు, మాల్దీవులకు ఉన్న ప్రచారం వీటికి లేదు. చాలావాటిని చుట్టుపక్కల జిల్లాలవారు తప్ప ఇతరులు చూడలేదు. జగిత్యాల జిల్లా కొడిమ్యాల ప్రాంతాన్ని బయలుదేరే చోటుగా తీసుకుని, ఈ దీవుల పుట్టుక, చరిత్ర, రకాలు, చూడదగిన స్థలాలు, చేరే పద్ధతులు, భద్రతా నియమాలు, ప్రాముఖ్యాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

నిర్వచనం, పరిధి

ఏడాది పొడవునా గానీ, ఏడాదిలో ఎక్కువ కాలం గానీ నాలుగు వైపులా నీరు ఉండే నేలను ఇక్కడ దీవిగా తీసుకోవడమైనది. వేసవిలో ఇసుక మీదుగా నడిచి వెళ్ళగలిగి, వానాకాలంలో పడవ తప్ప దారిలేని చోట్లు కూడా ఇందులో చేరతాయి. వంతెనలు పడి ప్రధాన భూభాగంతో కలిసిపోయిన కోనసీమ, దివిసీమల వంటి డెల్టా ప్రాంతాలను భౌగోళిక స్వరూపాన్ని బట్టి చేర్చడమైనది. తెలుగువారు స్థిరపడ్డ ఉష్ణమండల సముద్ర దీవులను కూడా పేర్కొనడమైనది.

కొడిమ్యాల ఒకప్పటి కరీంనగర్ జిల్లాలోది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన జగిత్యాల జిల్లాలో ఇప్పుడు మండల కేంద్రం. కొండగట్టు ఆంజనేయస్వామి క్షేత్రం దీనికి దగ్గరలోనే ఉంది. జిల్లాకు ఉత్తరాన గోదావరి నది ఎల్లగా పారుతుంది. దక్షిణాన రాజన్న సిరిసిల్ల జిల్లాలో మానేరు నది మీద మధ్య మానేరు జలాశయం ఉంది. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్నా, రెండు నదుల నడుమ ఉండటం వల్ల ఇక్కడివారికి నదీ దీవులు దూరమైనవి కావు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి పనుల కోసం గల్ఫ్ దేశాలకు వెళ్ళేవారు చాలామంది. వాటిలో బహ్రెయిన్ ద్వీప దేశమే అయినా, కర్కటరేఖకు ఉత్తరాన ఉన్నందున ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

దీవులు ఏర్పడే తీరు

తెలుగు ప్రాంతంలోని దీవులు ప్రధానంగా నాలుగు విధాలుగా ఏర్పడ్డాయి.

మొదటిది ఒండ్రు మేట. వరదనీరు మోసుకొచ్చే ఇసుక, మట్టి ప్రవాహం నెమ్మదించే చోట పేరుకుంటాయి. మేట మీద రెల్లు మొలిచి వేళ్ళతో మట్టిని పట్టి ఉంచితే, తర్వాతి వరదల్లో దాని ఎత్తు పెరుగుతుంది. గోదావరి, కృష్ణ నదుల్లోని లంకలు ఇలా పుట్టినవే. ఇవి స్థిరమైనవి కావు. ఒక అంచు కోసుకుపోతుంటే మరో అంచు పెరుగుతుంది.

రెండోది సముద్రపు అలలు, తీరప్రవాహాల పని. నది సముద్రంలోకి తోసిన ఇసుకను తీరం వెంట సాగే ప్రవాహం పొడవాటి కట్టగా పేరుస్తుంది. కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ ఇలా ఏర్పడింది. పులికాట్ సరస్సునూ బంగాళాఖాతాన్నీ విడదీస్తున్న శ్రీహరికోట కూడా తీరానికి అడ్డుకట్టలా నిలిచిన ఇసుక దీవే.

మూడోది రాతి దీవి. నదిలో గానీ చెరువులో గానీ గట్టి రాయి అరగకుండా నిలిచి దీవి అవుతుంది. పట్టిసీమలోని దేవకూటం గోదావరిలో ఇలా నిలిచిన గుట్ట. హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లో 1992 డిసెంబరు 1న బుద్ధ విగ్రహాన్ని నిలిపిన జిబ్రాల్టర్ రాక్ కూడా ఈ తరహాదే.

నాలుగోది మనిషి కట్టిన ఆనకట్ట వల్ల ఏర్పడేది. లోయలో నీరు నిలిచినప్పుడు కొండల పైభాగాలు మాత్రమే బయట మిగులుతాయి. నాగార్జునకొండ, లక్నవరం చెరువులోని గుట్టలు ఇందుకు ఉదాహరణలు.

ఏ దీవికి ఎప్పుడు వెళ్ళవచ్చు, అక్కడ ఏం చూడవచ్చు అనేవి చాలావరకు అది పుట్టిన తీరును బట్టే ఉంటాయి. లంకకు వరదకాలం అడ్డు. తీరదీవికి ఆటుపోట్లు, తుఫానులు అడ్డు. జలాశయంలోని దీవికి నీటిమట్టమే కొలత.

చరిత్ర

*ప్రాచీన కాలం.* బౌద్ధ గ్రంథం సుత్తనిపాతంలోని పారాయణవర్గం బావరి అనే తపస్వి గోదావరి తీరాన అస్సక దేశంలో ఆశ్రమం కట్టుకుని ఉండేవాడనీ, తన పదహారు మంది శిష్యులను బుద్ధుని దర్శనానికి ఉత్తరాదికి పంపాడనీ చెబుతుంది. ఆ ఆశ్రమ స్థలం నిర్మల్ జిల్లా ఖానాపూర్ మండలంలోని బాదనకుర్తి అని తెలంగాణ చరిత్రకారులు కొందరు గుర్తించారు. గోదావరి పాయలుగా చీలే ఈ చోటు జగిత్యాల జిల్లాకు ఆవలి ఒడ్డున ఉంది. జగిత్యాల జిల్లాలోనే పెద్దవాగు గోదావరిలో కలిసే కోటిలింగాలలో శాతవాహన రాజుల నాణేలు, కోట ఆనవాళ్ళు దొరికాయి. (చూ. కోటిలింగాల, ధూళికట్ట.)

క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి కృష్ణా లోయలో వెలసింది. ఆ లోయనే తర్వాతి కాలంలో నాగార్జునసాగర్ జలాశయం ముంచింది.

*వలస పాలన కాలం.* గోదావరి గౌతమీ పాయ మొగ దగ్గరి కోరంగి ఓడల నిర్మాణానికీ, విదేశీ ప్రయాణాలకూ పేరుపడ్డ రేవు. 1839 నవంబరు తుఫాను దాన్ని తీవ్రంగా దెబ్బతీసింది. ఆర్థర్ కాటన్ 1847–1852 మధ్య ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించినప్పుడు నది మధ్యలోని లంకలను ఆధారం చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా నిర్మాణం సాగింది. ఆనకట్ట ఖర్చు తగ్గడానికి లంకలు తోడ్పడ్డాయి.

*స్వాతంత్ర్యానంతరం.* 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. మునగబోయే లోయలో 1954 నుంచి 1960 వరకు విస్తృతంగా తవ్వకాలు జరిగాయి. బయటపడిన శిల్పాలను కొండమీదికి చేర్చి 1966లో ప్రదర్శనశాల తెరిచారు. శ్రీహరికోట నుంచి రాకెట్ ప్రయోగాలు 1971లో మొదలయ్యాయి. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. ఆ విపత్తులో దాదాపు పదివేల మంది చనిపోయినట్టు అధికారిక అంచనా. తీరదీవుల్లో తుఫాను హెచ్చరికలకూ, ఆశ్రయ భవనాలకూ ప్రాధాన్యం పెరగడానికి అది ముఖ్య కారణమైంది.

రకాలు, ముఖ్య స్థలాలు

1. తెలంగాణ నదీ దీవులు

*బాదనకుర్తి.* కొడిమ్యాల నుంచి వెళ్ళేవారికి అందుబాటులో ఉన్న చారిత్రక నదీ దీవి ఇది. జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి గోదావరి దాటి చేరవచ్చు. ఇక్కడ పెద్ద కట్టడాలు లేవు. నదీ పాయలు, పంటచేలు, బావరి కథతో ముడిపడిన స్థలస్మృతి చూడదగినవి. ఇదే ప్రయాణంలో ధర్మపురి లక్ష్మీనరసింహస్వామి క్షేత్రాన్నీ, కోటిలింగాలనూ కలుపుకోవచ్చు.

*మంజీర గడ్డలు.* సంగారెడ్డి జిల్లాలో సింగూరు, మంజీర ఆనకట్టల మధ్య నదిలో తొమ్మిది చిన్న దీవులున్నాయి. పుట్టిగడ్డ, బాపనగడ్డ, కర్ణంగడ్డ వీటిలో కొన్ని. ఈ ప్రాంతాన్ని 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. మగ్గర్ జాతి మొసళ్ళు ఇక్కడ గుడ్లు పెడతాయి. శీతాకాలంలో వలసపక్షులు చేరతాయి. దీవుల మీద దిగడం కన్నా ఒడ్డు నుంచి దుర్భిణితో చూడటమే పద్ధతి.

*ఏడుపాయల.* మెదక్ జిల్లాలో మంజీర ఏడు పాయలుగా చీలి మళ్ళీ కలిసే చోట వనదుర్గా భవాని ఆలయం ఉంది. శివరాత్రికి పెద్ద జాతర జరుగుతుంది. మంజీరకు వరద వచ్చిన ఏడాదుల్లో ఆలయం ముందు భాగం నీట మునుగుతుంది.

*కురువపురం, గుర్రంగడ్డ.* కృష్ణా నదిలో తెలంగాణ, కర్ణాటక సరిహద్దున ఉన్న కురువపురం శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రం. పాలనాపరంగా రాయచూరు జిల్లాలోది. తెలంగాణ వైపు నుంచి నారాయణపేట జిల్లా పంచదేవ్ పహాడ్ రేవులో పుట్టి ఎక్కి చేరతారు. పుట్టిని వెదురు బద్దలతో పెద్ద గుండ్రని బుట్టలా అల్లి, అడుగున నీరు చొరకుండా పూత పూస్తారు. దీనికి ముందూ వెనకా ఉండవు. నడిపేవాడు ఒకే తెడ్డుతో నీటిని తనవైపు లాగుతూ, అది తిరిగిపోకుండా అదుపు చేస్తాడు. ప్రయాణికులు బరువు ఒకవైపే పడకుండా చుట్టూ సర్దుకుని కూర్చోవాలి, నది మధ్యలో లేవకూడదు. జోగులాంబ గద్వాల జిల్లాలోని గుర్రంగడ్డ కృష్ణలోనే ఉన్న మరో దీవి. ఇది జనం నివసించే ఊరు కాబట్టి దీనిని విహార స్థలంగా కన్నా గ్రామంగా చూడాలి.

2. చెరువులు, జలాశయాల దీవులు

*లక్నవరం.* ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో కాకతీయుల కాలపు చెరువు. కొండల నడుమ నీరు నిలవడంతో గుట్టలు దీవులయ్యాయి. వీటిని వేలాడే వంతెనలతో కలిపారు. పర్యాటక శాఖ బస సౌకర్యం కల్పించింది. కొడిమ్యాల నుంచి కరీంనగర్, వరంగల్ మీదుగా రోడ్డు మార్గం ఉంది. దగ్గరలోనే పాలంపేట రామప్ప ఆలయం ఉంది. ఇది 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

*నాగార్జునకొండ.* విజయపురి సౌత్ నుంచి లాంచీలో చేరే దీవి. ఇక్ష్వాకుల కాలపు సున్నపురాతి శిల్పాలు, శాసనాలు ఇక్కడి ప్రదర్శనశాలలో ఉన్నాయి. మునిగిపోయిన ముఖ్య కట్టడాలలో కొన్నింటిని కొండ మీద, మరికొన్నింటిని ఒడ్డునున్న అనుపులో తిరిగి నిలబెట్టారు. పేరున్న స్థలమే అయినా, లాంచీ తిరిగివెళ్ళే వేళను బట్టి చాలామంది ప్రదర్శనశాల మాత్రమే చూసి వస్తారు. అనుపును చూసేవారు తక్కువ.

*సోమశిల, సంగమేశ్వరం.* శ్రీశైలం జలాశయం వెనుక నీళ్ళలో నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల దగ్గర గుట్టలు దీవులుగా కనిపిస్తాయి. కృష్ణకు ఆవల ఉన్న సంగమేశ్వర ఆలయం ఏడాదిలో ఎక్కువ నెలలు నీటిలోనే ఉంటుంది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. వేసవిలో మట్టం బాగా దిగినప్పుడు గుడి శిఖరం, తర్వాత గోడలు, చివరకు గర్భాలయం బయటపడతాయి. అప్పుడే పూజలు మొదలవుతాయి. వరద రాగానే మళ్ళీ మునుగుతుంది.

*మధ్య మానేరు.* కొడిమ్యాలకు దక్షిణాన ఉన్న ఈ జలాశయం నిల్వ సామర్థ్యం 25 టీఎంసీలకు పైగా ఉంటుంది. దీని కింద అనేక గ్రామాలు మునిగాయి. మట్టం తగ్గిన కాలంలో పాత ఊళ్ళ ఎత్తైన భాగాలు బయటపడతాయి. ఇవి నిర్వాసితుల సొంత ఊళ్ళ ఆనవాళ్ళు. బురద లోతు తెలియని చోట్లు కావడంతో లోపలికి వెళ్ళడం ప్రమాదకరం.

3. గోదావరి లంకలు

*పట్టిసీమ.* పోలవరం దగ్గర గోదావరి నడుమ దేవకూట పర్వతం మీద వీరభద్రస్వామి ఆలయం ఉంది. పట్టిసీమ రేవు నుంచి పడవలో వెళ్తారు. వేసవిలో ఇసుకతిన్నెల మీద చాలా దూరం నడవవలసి వస్తుంది. శివరాత్రి ఉత్సవాలప్పుడు రద్దీ ఎక్కువ.

*ధవళేశ్వరం, కోనసీమ లంకలు.* ఆనకట్టను ఆనుకుని ఉన్న పిచ్చుకలంక, బొబ్బర్లంక మొదలుకొని సముద్రం వరకు పదుల సంఖ్యలో లంకలున్నాయి. అరటి, కొబ్బరి, కూరగాయలు, పూలతోటలు ఇక్కడి పంటలు. లంక పొగాకు ఒకప్పుడు పేరుపొందిన వాణిజ్య పంట. పక్కనే కడియం, కడియపులంకల పూలమొక్కల నర్సరీలున్నాయి. రోడ్డు లేని లంకలకు పంటు మీద దాటతారు. రెండు పడవలను పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి తయారుచేసే పంటు మీద మోటార్‌సైకిళ్ళు, పశువులు, అరటి గెలలు, బడిపిల్లలు కలిసి ప్రయాణిస్తారు. లంకల జీవితం అర్థం కావాలంటే ఉదయం వేళ రేవులో కాసేపు నిలబడితే చాలు.

*అంతర్వేది.* వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోటు. లక్ష్మీనరసింహస్వామి ఆలయం, దీపస్తంభం, నదీసంగమం ఇక్కడి ముఖ్య స్థలాలు. మాఘమాసంలో భీష్మ ఏకాదశి సందర్భంగా పెద్ద తీర్థం జరుగుతుంది.

4. కృష్ణా లంకలు, దివిసీమ

*భవానీ ద్వీపం.* విజయవాడ ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో 133 ఎకరాల దీవి. పర్యాటక శాఖ నిర్వహణలో ఉంది. ఈ వర్గంలో అందరికీ తెలిసినది ఇదే.

*ఎదురుమొండి, హంసలదీవి.* నాగాయలంకకు దిగువన కృష్ణా పాయల మధ్య ఉన్న ఎదురుమొండికి పడవలో చేరతారు. మడ అడవులు, చేపల వేట, రొయ్యల సాగు ఇక్కడి జీవనాధారాలు. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవిలో వేణుగోపాలస్వామి ఆలయం ఉంది. మాఘ పౌర్ణమికి సాగరసంగమ స్నానాలు చేస్తారు. మొగ దగ్గర ప్రవాహం బలంగా ఉండి అడుగు ఇసుక జారుతుంది కాబట్టి గుర్తించిన చోట్లలో తప్ప దిగకూడదు.

5. కొల్లేరు లంకలు

గోదావరి, కృష్ణా డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడ్డ మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు దీనిలోకి వస్తాయి. ఉప్పుటేరు ద్వారా నీరు సముద్రానికి పోతుంది. 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. సరస్సులోని ఎత్తైన దిబ్బల మీద లంకగ్రామాలు వెలిశాయి. కొల్లేటికోటలోని పెద్దింట్లమ్మ ఆలయం ఈ ప్రాంత ప్రజల ప్రధాన క్షేత్రం. ఆటపాకలో గూడబాతులు గూళ్ళు కట్టడాన్ని దగ్గరగా చూడవచ్చు.

6. సముద్రతీర దీవులు

*హోప్ ఐలాండ్.* కాకినాడ తీరానికి ఎదురుగా సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగే ఇసుక దీవి. వయసు రెండు శతాబ్దాలకు కాస్త అటూఇటూ. బంగాళాఖాతపు అలలను అడ్డుకుని కాకినాడ రేవును కాపాడుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆడ తాబేలు రాత్రిపూట పోటు గీతకు పైన పొడి ఇసుకలో వెనుక కాళ్ళతో గుంత తవ్వి, నూరుకు అటూఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, శరీరంతో అదిమి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. పిల్లలు బయటకు రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. పిల్లలు ఆడవా మగవా అన్నది ఇసుక వేడిని బట్టి నిర్ణయమవుతుంది. టార్చిలైట్లు, మంటలు పిల్లలకు దారి తప్పిస్తాయి. అందుకే ఆ కాలంలో రాత్రి బస చేయకూడదు.

దీవికి ఎదుటి ఒడ్డున కోరంగి (కోరింగ) అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లలో విస్తరించి ఉంది. దీన్ని 1978లో ప్రకటించారు. తెల్లమడ, పొన్న, తిల్ల మొదలైన మడజాతి చెట్లు, చేపలు పట్టి తినే బావురుపిల్లి, నీటికుక్క ఇక్కడ ఉన్నాయి. చెట్ల మధ్యగా వేసిన చెక్కదారి మీద నడుస్తూ, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేర్లను చూడవచ్చు.

*పులికాట్ దీవులు.* చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఇందులోని ఇరకం దీవికి తడ వైపున ఉన్న భీమునివారిపాలెం నుంచి పడవలో వెళ్తారు. వేనాడు దీవిలో దర్గా ఉంది. శీతాకాలంలో ఫ్లెమింగోలు వేల సంఖ్యలో చేరతాయి. దగ్గరలోని నేలపట్టు గూడబాతుల స్థావరం. శ్రీహరికోటలోని సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రంలోకి మామూలుగా ప్రవేశం ఉండదు. ప్రయోగాలను చూడటానికి ముందుగా పేరు నమోదు చేసుకున్నవారికి సందర్శకుల గ్యాలరీలో అవకాశం ఇస్తారు.

తెలుగువారు స్థిరపడ్డ సముద్ర దీవులు

*అండమాన్.* 2011 జనగణన ప్రకారం అండమాన్, నికోబార్ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. విశాఖపట్నం నుంచి ఓడ ప్రయాణ సౌకర్యం ఉంది. రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరును 2024లో శ్రీ విజయపురంగా మార్చారు. సెల్యులర్ జైలు, స్వరాజ్ ద్వీప్ దాటి వెళ్ళే పర్యాటకులు తక్కువ. బారాటాంగ్‌లోని బురద అగ్నిపర్వతాలు, సున్నపురాతి గుహలు, దిగ్లీపూర్ దగ్గర 732 మీటర్ల శాడిల్ పీక్, పాటు వేళ ఇసుకకట్టతో కలిసిపోయే రాస్, స్మిత్ జంట దీవులు ఉత్తర దిశలో ఉన్నాయి. బారెన్ ఐలాండ్ దేశంలోని ఏకైక క్రియాశీల అగ్నిపర్వతం. ఆదిమజాతుల రక్షిత ప్రాంతాల్లో ఆగడం, ఫోటోలు తీయడం నేరం.

*మారిషస్.* 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారిలో కోరంగి రేవు నుంచీ, ఉత్తరాంధ్ర నుంచీ వెళ్ళిన తెలుగువారున్నారు. వారి వంశీకులు ఇప్పటికీ ఉగాది, రామభజనం, సింహాద్రి అప్పన్న పూజ పాటిస్తున్నారు. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినం. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడ జరిగాయి. కూలీలు ఓడ దిగిన పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. సముద్రతీర విడుదులకే పరిమితమయ్యే యాత్రికులు తెలుగు చరిత్ర కోసం చూడదగిన చోటు ఇది.

ప్రయాణ విధానం

*మార్గాలు.* కొడిమ్యాల వారికి దగ్గరి పెద్ద రోడ్డు జగిత్యాల–కరీంనగర్–వరంగల్ జాతీయ రహదారి. పెద్దపల్లి–నిజామాబాద్ రైలుమార్గం ఈ ప్రాంతం మీదుగానే పోతుంది. పెద్దపల్లిలో కాజీపేట–బల్లార్షా ప్రధాన మార్గం కలుస్తుంది. కాజీపేట నుంచి విజయవాడ, అక్కడి నుంచి రాజమహేంద్రవరం, కాకినాడ, గూడూరు వైపు రైళ్ళు ఉంటాయి.

*అనుకూల కాలం.* నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు చాలా దీవులకు మంచి కాలం. పక్షుల కోసం డిసెంబరు, జనవరి నెలలు, సంగమేశ్వరం కోసం ఎండాకాలం అనుకూలం. గోదావరి లంకలకు జూలై నుంచి సెప్టెంబరు వరకు వెళ్ళకూడదు. తీరదీవులకు అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను సూచనలు చూసుకోవాలి.

*వరద హెచ్చరికలు.* భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి, 48కి రెండవ, 53కి మూడవ ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు మొదటి, 13 లక్షలకు రెండవ, 17 లక్షలకు మూడవ హెచ్చరిక అమలవుతుంది. భద్రాచలంలో పెరిగిన నీరు దిగువ లంకలకు చేరడానికి కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలోనే లంకవాసులు పశువులను గట్టుకు దాటిస్తారు. సందర్శకులు మొదటి హెచ్చరికకే వెనుదిరగాలి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75 అడుగులు దాటింది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది.

*అనుమతులు.* అభయారణ్యాల్లోని దీవులకు అటవీశాఖ అనుమతి అవసరం. ప్రదర్శనశాలలకు వారపు సెలవు ఉంటుంది. నాగార్జునకొండకు వెళ్ళేవారు శుక్రవారం మానుకోవాలి.

భద్రత, ప్రవర్తన

2019 సెప్టెంబరు 15న పాపికొండల మార్గంలో కచ్చులూరు దగ్గర వరద ప్రవాహంలో పర్యాటక బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత నది ప్రయాణాలపై పర్యవేక్షణ కేంద్రాలు ఏర్పాటయ్యాయి. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ, సామర్థ్యానికి మించి జనాన్ని ఎక్కించిన పడవ ఎక్కకూడదు. చివరి పడవ వేళను ఒడ్డునే అడిగి తెలుసుకోవాలి. మంజీర వంటి చోట్ల మొసళ్ళున్నందున నీటి అంచున కూర్చోకూడదు. జనం నివసించే లంకల్లో ఇళ్ళనూ మనుషులనూ అడగకుండా ఫోటోలు తీయకూడదు. ప్లాస్టిక్‌ను తిరిగి ఒడ్డుకు తెచ్చుకోవాలి. దీవుల్లో చెత్త ఎత్తే ఏర్పాటు చాలాచోట్ల ఉండదు.

ప్రాముఖ్యం

ఈ దీవులు మూడు విధాలుగా ముఖ్యమైనవి. పర్యావరణపరంగా మడ అడవులు, ఇసుక దీవులు తుఫాను అలల ఉధృతిని తగ్గిస్తాయి. వలసపక్షులకు, తాబేళ్ళకు, చేపపిల్లలకు ఆశ్రయమిస్తాయి. చరిత్రపరంగా బాదనకుర్తి నుంచి నాగార్జునకొండ వరకు బౌద్ధపు ఆనవాళ్ళు నదుల వెంట ఉన్నాయి. ఆర్థికంగా పడవ నడిపేవారికి, మత్స్యకారులకు, పూల రైతులకు సందర్శకుల రాక అదనపు ఆదాయం.

సమస్యలు, సంరక్షణ

నదులపై ఆనకట్టలు పెరిగాక డెల్టాలకు చేరే ఒండ్రు తగ్గింది. మేట వేసే మట్టి తక్కువై, కోత ఎక్కువవడంతో గోదావరి లంకల అంచులు, కృష్ణా మొగ తీరం తరిగిపోతున్నాయి. కొల్లేరులో చేపల చెరువులు సరస్సును ఆక్రమించగా, 2006లో ప్రభుత్వం 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చాలావాటి గట్లు తొలగించింది. జీవనోపాధికీ సరస్సు రక్షణకూ మధ్య వివాదం అప్పటి నుంచీ ఉంది. లంకవాసుల మొదటి కోరిక వంతెన. వైద్యం, చదువు, పంట రవాణా దానితో సులువవుతాయి. వంతెన పడిన చోట వాహనాలు, విడుదులు, చెత్త కూడా పెరుగుతాయని పర్యావరణవేత్తలు హెచ్చరిస్తారు.

తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలంలో హోప్ ఐలాండ్‌కు రాకపోకలను నియంత్రించడం, మంజీర గడ్డలను దూరం నుంచే చూపించడం ఇప్పటికే అమలులో ఉన్న మధ్యేమార్గాలు. జనావాసాలున్న లంకల్లో ఇలాంటి ఏర్పాటు నిలవాలంటే స్థానిక పడవలకు, భోజనశాలలకు, మార్గదర్శకులకు ప్రాధాన్యం ఉండాలి. ఎంతమంది రావాలో, ఏ నెలల్లో రావాలో నిర్ణయించడంలో ఆ ఊరి పంచాయతీకి భాగం ఉండాలి. వరద వస్తే ముందుగా నష్టపోయేదీ, వరద తీశాక మళ్ళీ అక్కడే సాగు చేసేదీ వారే.

(చూ. కోనసీమ, దివిసీమ, కొల్లేరు, పులికాట్ సరస్సు, నాగార్జునకొండ, గోదావరి నది, మానేరు నది, కొండగట్టు.)